ఊబికి నీరు సరే, కూలీకి పని ఏదీ?

ఐర్లండులో ప్రభుత్వ అటవీ సంస్థ క్వీల్చె 2004-2008 మధ్య 14 చోట్ల, 571 హెక్టార్ల ఊబి నేలల్లో పని పెట్టింది. సర్కారు నాటించిన చెట్లనే కొట్టించింది, సర్కారు తవ్వించిన కాలువలకే అడ్డుకట్టలు వేయించింది. వినడానికి విడ్డూరమే. కాని కారణం ఉంది.

అక్కడి ఊబులు వాన నీటితోనే బతుకుతాయి. ఒక రకం నాచు నీటిలో పూర్తిగా కుళ్లకుండా పొరమీద పొరగా పేరుకుని, వేల ఏళ్లలో దిబ్బలా ఉబ్బుతుంది. ఏడాదికి పెరిగేది సుమారు ఒక మిల్లీమీటరే. దాన్నే పీట్ అంటారు. కోసి ఎండబెడితే పిడకల్లా మండుతుంది. తరతరాలుగా పేద రైతు పొయ్యి వెలిగింది దానితోనే.

అటువంటి నేలను బీడు కింద లెక్కగట్టి, నీరు తోడేసి, అమెరికా జాతి స్ప్రూస్, పైన్ చెట్లు నాటించారు. నీరు దిగిపోతే పీట్‌కు గాలి తగులుతుంది, కుళ్లుతుంది, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. ప్రపంచం నేలలో పీట్ ఉన్నది 3 శాతమే అయినా, అడవుల చెట్లన్నిటికంటే ఎక్కువ కార్బన్ అందులోనే ఉంది. కాబట్టి నీరు తిరిగి నిలపడం సరైన పనే అని మేము భావిస్తున్నాం.

అయితే భారం ఎవరిమీద? ఊబులను పాడుచేసింది అడవి పెంపకం ఒక్కటే కాదు. 1946లో పెట్టిన ప్రభుత్వ సంస్థ బోర్డ్ నా మోనా యంత్రాలతో పీట్ తవ్వి కరెంటు కేంద్రాలకు పోసింది. 2020 డిసెంబరులో రెండు కేంద్రాలు మూతబడ్డాయి. 2021 జనవరిలో తవ్వకం ముగిసిందని సంస్థ ప్రకటించింది. కార్మికుల పని పోయింది. తర్వాత ప్రభుత్వం 10.8 కోట్ల యూరోలిచ్చి, 33 వేల హెక్టార్ల బాగుసేతకు పూనుకుంది. పీట్ తవ్విన చేతులకే కాలువలు పూడ్చే పని దొరికింది. ఇది మంచిదే. కాని కాలువలు పూడ్చడం కొన్నేళ్ల పని. ఆ తర్వాత ఆ కుటుంబాలు ఏం తిని బతకాలి?

సొంత పొయ్యికి కోసుకునే వాళ్ల గోడు వేరు. రక్షిత ఊబుల్లో కోత మానితే ఏడాదికి 1,500 యూరోల చొప్పున 15 ఏళ్లు ఇస్తామన్నారు. చాలామంది ఒప్పుకోలేదు. కోత ఆగలేదని 2024 మార్చిలో యూరప్ కమిషన్ ఐర్లండును కోర్టుకీడ్చింది. యంత్రాలు పెట్టి టన్నులకు టన్నులు తవ్విన సర్కారునూ, పొయ్యిలోకి నాలుగు పెళ్లలు కోసుకున్న రైతునూ ఒకే గాటకు కట్టడం న్యాయమా?

నేలను బాగుచేయాల్సిందే. కాని శాశ్వతమైన పని, పొయ్యికి బదులు ఇంధనం ముందు చూపించాలి. ఆ తర్వాతే కోత మానమనాలి.