పాత ఫజ్ పెడల్ మూగనోము

సిరిమానోత్సవం వచ్చిందంటే విజయనగరంలో ఆర్కెస్ట్రా వాళ్లకి నిద్ర ఉండదు. శ్రీకాకుళం గిటారిస్టు ఒకాయన పాత ఫజ్ పెడల్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఏటైందో తెలీడం లేదు గురువుగారూ, కిక్కురుమనదు. రేపే ప్రోగ్రాం!"

పెడల్ స్విచ్ తొక్కి ఆఫ్ చేయించాను. గిటారు మామూలుగా పలికింది. ఆన్ చేస్తే నిశ్శబ్దం! అంటే వైర్లు నిర్దోషులు, కరెంటే అందడం లేదన్నమాట. 9 వోల్టుల బ్యాటరీ కొత్తది వేశాం. ఊహూఁ.

ఇలాంటి పెడల్స్‌లో గిటారు పిన్ను గుచ్చడమే కరెంటు స్విచ్ వేయడం. (రాత్రంతా పిన్ను తీయకపోతే బ్యాటరీ హరీ!) ఆ సాకెట్ లోపల బ్యాటరీ నెగెటివ్‌ని కలిపే రేకు సముద్రపు గాలికి నల్లబడింది. స్పిరిట్‌తో తుడిచాం. గయ్యిమంది!

"బ్యాటరీ బదులు ఎడాప్టర్ పెట్టొచ్చాండీ?" అన్నాడు, ప్రాణం లేచొచ్చి. తొందరపడకు నాయనా! 1966 నాటి ఫజ్ ఫేస్ లాంటి తొలి జెర్మేనియం పెడల్స్‌లో పాజిటివే ఎర్త్. తిరగేసి ఇస్తే ట్రాన్సిస్టర్లు పోతాయి.