సంతలో కూన సరే, తల్లి ఏదీ?

ఖరగ్‌పూర్: తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడిన ఈ పట్టణానికి కోల్‌కతా గాలిఫ్ స్ట్రీట్‌లోని ఆదివారపు పెంపుడు జంతువుల సంత రైలు ప్రయాణమంత దూరమే. ఇటువంటి సంతల్లో కొనేవారికి కూన కనిపిస్తుంది గానీ, దాన్ని ఈనిన తల్లి కనిపించదు. చట్టం పట్టించుకొన్నది ప్రధానంగా ఆ తల్లినే.

లా కమిషన్ 2015 ఆగస్టులో ఇచ్చిన 261వ నివేదిక అనంతరం, కేంద్ర ప్రభుత్వం 2017 మేలో కుక్కల పెంపకం, విక్రయాలపై నిబంధనలు జారీ చేసింది. వీటి మేరకు పెంపకందారు 5,000 రూపాయల రుసుము చెల్లించి రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలి. తల్లికి 18 నెలలు నిండాలి. ఏడాదికి ఒక్క ఈత, జీవితకాలంలో ఐదు ఈతలకు మించరాదు. సాధారణంగా ఆడకుక్క ఆరేడు నెలలకోసారి ఎదకు వస్తుంది కనుక, ఈ నిబంధనను పాటించేవాడు రాబడిలో దాదాపు సగం వదులుకొన్నట్లే. ఎనిమిది వారాలు నిండని కూనను అమ్మరాదు. ఆ చివరి వారాల మేత ఖర్చూ అతనిదే.

పాటించనివాడికి భయమేమిటి? జంతువులపై క్రూరత్వానికి 1960 నాటి చట్టం తొలి నేరానికి విధించే జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. కూన ధర వేలల్లో పలుకుతున్నది.

చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ధ్రువపత్రాన్ని చూపి నమ్మబలికేవారూ లేకపోలేదు. అది వంశాన్ని తెలిపే పత్రమే తప్ప, తల్లి ఎన్ని ఈతలు ఈనిందో చెప్పదు. కనుక బయానా ఇచ్చేముందే నమోదు పత్రం అడిగి, తల్లిని దాని కొట్టంలోనే చూడడం కొనుగోలుదారు చేతిలోని పని.