బజార్‌కు రంగులు తర్వాత, ముందు హిసాబ్ చూపించండి

జమా, ఖర్చు, వసూలు, బకాయి, రశీదు, ఖజానా. మున్సిపాలిటీ నడిచేదే ఈ మాటల మీద. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇవి రెండు వైపులా చుట్టాలే. మా అనంతపురంలో ఇవన్నీ రోజూ వినపడతాయి. వినపడనిది ఒకటే, జవాబ్‌దారీ.

టవర్ క్లాక్, సప్తగిరి సర్కిల్, పాతూరు బజార్లు... ఎన్నికలొస్తే చాలు, సెంటర్‌ను డెవలప్ చేస్తామంటారు. రోడ్డు వెడల్పు, డివైడర్లు, రంగు లైట్లు. నేను డెవలప్‌మెంట్‌కు దుష్మన్ కాదు. పైసా ఎవరిది, ఫాయిదా ఎవరికి అని మాత్రం అడుగుతా.

పైసా మనది. 2020లో రాష్ట్రం చట్టం మార్చి, అద్దె విలువ మీద ఉన్న ఇంటి పన్నును ఆస్తి విలువ మీదికి తెచ్చింది. ఎందుకు? కరోనా ఏడాదిలో రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవాలంటే ఇంటి పన్ను రిజిస్ట్రేషన్ విలువలకు తగ్గట్టు, నీళ్ల ఛార్జీలు ఖర్చుకు తగ్గట్టు ఉండాలని కేంద్రం షరతు పెట్టింది. షరతు తీర్చినందుకు ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల అప్పుకు ఇజాజత్ దొరికింది. అంటే సర్కార్ ఖర్జ్‌కు మన గడప జమానత్ అన్నమాట. పెంపు ఏడాదికి 15 శాతం దాటదన్నారు. అదేదో రహమ్ అనుకున్నాం. ఏటా 15 శాతం పెరిగితే ఐదేళ్లకు రెండింతలు, లెక్క వేసుకోండి. పాతూరులో తాతలనాటి మిద్దెలో మిషన్ తొక్కే దర్జీ ఆమ్దనీ రెండింతలైందా? స్థలం రేటు పెరిగితే అమ్మేవాడికి లాభం. అమ్మకుండా కాపురం ఉండేవాడికి పన్ను.

2011 లెక్కల్లో నగర జనాభా 2.61 లక్షలు. ఆ తర్వాత ఊరు పెరిగింది ఎక్కువగా అంచుల్లోనే. రుద్రంపేట, నారాయణపురం, కక్కలపల్లి ఏళ్లకేళ్లు పేరుకు పంచాయతీలు, బతుక్కు నగరం. అక్కడి జనాన్ని నేను తప్పు పట్టను. కాలువ లేని వీధుల్లో ఉండే గరీబులు వాళ్లలోనూ ఉన్నారు. లాభమంతా పొలాన్ని సెంట్లు చేసి అమ్మినవాళ్లది. ప్రతి రిజిస్ట్రేషన్ మీదా 5 శాతం స్టాంపు డ్యూటీ, 1 శాతం ఫీజు రాష్ట్ర ఖజానాకు పోతాయి. స్థానిక సంస్థల హక్ 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ. అదీ రాష్ట్రం చేతుల మీదుగానే రావాలి. మన వాటా ఎంత, వచ్చిందెంత, బకాయి ఎంత? ఈ మూడు అంకెలు గల్లీలో ఒక్కరికైనా తెలుసా?

ఇక ఖర్చు. 2022 అక్టోబర్‌లో నడిమివంక పొంగి కాలనీలు మునిగాయి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వానకు మొహం వాచిన జిల్లాలో వరద! అనంతసాగరం చెరువు పేరు పెట్టుకున్న ఊరు, నీళ్లు పోయే దారి మరిచిపోయింది. వంకకు దారి వదలని నగరానికి రంగు లైట్లెందుకు?

సెంటర్ అందంగా ఉండాలనగానే మొదట లేచేది ఠేలాబండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే పూర్తికాకుండా ఎవరినీ లేపకూడదు. టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఉండాలి. 2020లో స్వనిధి కింద పదివేల అప్పు ఇచ్చిందీ ఈ బండ్లవాళ్లకే. ఒక చేత్తో ఖర్జ్ ఇచ్చి ఇంకో చేత్తో బండి తోసేస్తే, కిస్తు ఎక్కడి నుంచి కడతాడు? ఇదెక్కడి ఇన్సాఫ్?

నా అర్జీ చిన్నది. వంక పని ముందు, బజార్ సింగారం తర్వాత. బండికి జాగా చూపించాకే రోడ్డు వెడల్పు. ప్రతి డివిజన్ జమాఖర్చూ ఆ డివిజన్ గోడ మీదే అతికించాలి. తెలుగులోనూ, ఉర్దూలోనూ. 2022లో ఉర్దూకు రెండో అధికార భాష హోదా ఇచ్చారు, శుక్రియా. ఆ భాషలో మాకు ముషాయిరాలు కాదు, ముందు హిసాబ్ వినిపించండి.

మొహల్లా మసీదుల్లో జుమా చందా ఎంత వచ్చిందో, కరెంటు బిల్లుకెంత పోయిందో బోర్డు మీద రాసిపెడతారు. పది రూపాయలిచ్చిన రిక్షావాలా కూడా నిలబడి చదువుకుంటాడు. అది అమానత్ కాబట్టి. వందల రూపాయల ఇంటి పన్ను కట్టే మనిషికి ఆ మాత్రం బోర్డు బాకీ లేరా జనాబ్?