పన్నెండు మెట్ల మొగిలయ్య

2021 సెప్టెంబరు 2. పవన్‌కల్యాణ్ పుట్టినరోజు. ‘భీమ్లానాయక్’ టైటిల్ పాట విడుదలైంది. తమన్ సంగీతం హోరెత్తకముందే ఓ పల్లె గొంతు ఖంగుమంది. దాని వెంటే ఓ తీగ పలికింది. ‘ఎవరీ పెద్దాయన?’ అని తెలుగునేలంతా అడిగింది. పాలమూరు పల్లెలకు మాత్రం ఆ గొంతు కొత్తకాదు.

ఆయన పేరు దర్శనం మొగిలయ్య. ఊరు నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలంలోని అవుసలికుంట. 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లా. చేతిలోని వాద్యం కిన్నెర, తాతతండ్రుల నుంచి వచ్చిన ఆస్తి.

గిటారు చూసినవారికి కిన్నెర సులువుగానే అర్థమవుతుంది. గిటారు మెడమీద అడ్డంగా లోహపు కమ్మీలుంటాయి కదా, కిన్నెరలో వాటినే మెట్లంటారు. వెదురుబొంగు మీద తేనెమైనంతో వాటిని నిలబెడతారు. గిటారుకు చెక్కపెట్టె చేసే పనిని ఇక్కడ ఎండిన సొరకాయ బుర్రలు చేస్తాయి. మొగిలయ్యది పన్నెండు మెట్ల కిన్నెర. దాన్ని పలికించేవారు ఇప్పుడు బహు అరుదు.

జాజ్ బృందాన్ని నడిపే గిటారిస్టుకు పక్కన డ్రమ్ములు వాయించేవారుంటారు, పాడేవారుంటారు. మొగిలయ్యకు ఆ బృందమంతా తనే. వాయించేదీ, పాడేదీ, కథ నడిపేదీ ఒక్కరే. ఉన్నవారిని దోచి లేనివారికి పంచిన పండుగ సాయన్న, మియాసాబ్... ఇలా పాలమూరు జనం గుండెల్లో దాచుకున్న వీరుల కథలే ఆయన పాటలు. అప్పటికప్పుడు పాట కట్టడంలోనూ దిట్టే. ఆర్టీసీ బస్సుమీద పాట కట్టి పాడితే సంస్థ మెచ్చి ఉచిత పాస్ ఇచ్చింది.

ఈ కళ ఎలా బతికింది? కిన్నెర డక్కలివారి వాద్యం. వారు మాదిగలకు ఆశ్రితులు. ఊరూరా తిరిగి కథ చెప్పేవారు. ఇంటింటా ఇచ్చిన గింజలే వారి జీతం. టీవీ వచ్చి వాకిట్లో కథ ఆగిపోయాక ఆ గింజలూ ఆగిపోయాయి.

గౌరవాలు మాత్రం ఆలస్యంగానైనా వచ్చాయి. తెలంగాణ ఎనిమిదో తరగతి సాంఘికశాస్త్రంలో ఆయన గురించి చేర్చారు. 2022లో పద్మశ్రీ వరించింది. ఇంటిస్థలం, కోటి రూపాయలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. సరిగ్గా రెండేళ్లు గడిచాయో లేదో, 2024 మేలో హైదరాబాద్ శివారు తుర్కయాంజాల్‌లో ఆయన కూలిపని చేస్తున్న దృశ్యాలు బయటికొచ్చాయి. వచ్చిన డబ్బు ఇంటి అవసరాలకే అయిపోయిందనీ, నెలకు పదివేల పింఛను ఆగిపోయిందనీ ఆయన చెప్పుకొన్నారు. చూసినవారి మనసు చివుక్కుమంది. ఆ ఏడాదే హయత్‌నగర్‌లో 600 గజాల స్థలం పత్రాలు ఆయన చేతికందాయి.

ఇలాంటి కథే అమెరికాలోనూ ఉంది. జాజ్‌కు తల్లివేరు లాంటి బ్లూస్ పాటల గిటారిస్టు మిసిసిపీ జాన్ హర్ట్ 1928లో రికార్డులిచ్చి, మళ్లీ పొలం పనుల్లో పడిపోయాడు. 1963లో ఓ అభిమాని వెతుక్కుంటూ వెళ్లేదాకా లోకం ఆయన్ను మరిచే పోయింది. దొరికాక మూడేళ్లే బతికాడు. అయితే ఆ మూడేళ్లూ ఊరికే పోలేదు. వేదికలెక్కాడు, కొత్త రికార్డులిచ్చాడు. ఆయన వేళ్ల కదలిక చూసి కుర్రకారు నేర్చుకుంది. ఆ బాణీ నేటికీ బతికే ఉంది.

కిన్నెరకు కావలసిందీ అదే. శాలువా భుజం దిగేలోపే మరిచిపోయే మెచ్చుకోలు కాదు, మెట్లమీద వేళ్లుంచి నేర్చుకునే పిల్లలు కావాలి. నేర్పే గురువుకు నెల తిరిగేసరికి జీతం అందాలి. పుస్తకంలో మొగిలయ్య గురించి చదివిన పాలమూరు పిల్లాడు ‘సార్, ఇది ఎట్లా మోగుతుంది?’ అని అడిగితే, వాయించి చూపించేవారు ఆ బడిలో ఒకరుండాలి.