ఆదివారం లేని విశ్వాసులు

ముంబయిలోని మన తెలుగు సంఘాల్లో ఆరాధన ముగిశాక తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. "ఏమ్మా, ఈమధ్య బొత్తిగా కనిపించడం లేదు?" అడిగేవారు ప్రేమతోనే అడుగుతారు. కాని రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, నేరుగా ఆస్పత్రి నుంచి గుడికి వచ్చిన నర్సుకు ఆ మాట ఎలా తగులుతుంది? మూడు వారాల తర్వాత వచ్చిన పిల్లకు మొదట ఎదురైంది సంజాయిషీ అన్నమాట!

ఆదివారం అందరికీ సెలవు కాదు. ఆస్పత్రులు మూయరు. బస్సులు ఆగవు. లోకల్ రైళ్లకు మెగా బ్లాక్ పెట్టేదే ఆదివారం కాబట్టి, పట్టాలు బాగుచేసే వారికి ఆరోజే పని ఎక్కువ. విదేశీ కంపెనీలకు రాత్రిళ్లు పనిచేసే మన పిల్లలకు పగలే రాత్రి. వీరందరినీ "చల్లారిపోయిన విశ్వాసులు" అని లెక్కగడితే అన్యాయం.

అసలు ఆదివారం సెలవు అన్నది మొదటినుంచీ ఉన్నది కాదు. రోమా సామ్రాజ్యంలో దాన్ని విశ్రాంతి దినంగా ప్రకటించినది కాన్‌స్టంటైన్ చక్రవర్తి, 321లో. అంతకుముందు విశ్వాసుల్లో బానిసలున్నారు, కూలివారున్నారు. వారికి సెలవెక్కడిది? సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి చక్రవర్తికి రాసిన ఉత్తరంలో, క్రైస్తవులు ఒక నియమిత దినాన తెల్లవారకముందే కూడుకుంటారని తెలియజేశాడు. తెల్లవారితే పనివేళ కదా! మన ముంబయి బట్టల మిల్లుల కార్మికులకు ఆదివారం సెలవు దొరికింది 1890లో, నారాయణ్ మేఘాజీ లోఖండే వంటి వారు పోరాడిన మీదటనే.

మరి సంఘం ఏం చేయాలి? పెద్ద ఖర్చుతో పనిలేదు. సంఘ పెద్దలు ఒక నోటుపుస్తకంలో ఎవరికి ఏ షిఫ్టు, ఏ రోజు సెలవు అన్నది రాసుకోవాలి. అయ్యగారు దర్శించేది ఆ వేళ చూసుకునే. రాత్రంతా మేలుకున్న మనిషి పగలు పదకొండింటికి నిద్రలో ఉంటే, తలుపు కొట్టి ప్రార్థన చేయడం పరిచర్య అనిపించుకోదు. నెలకు ఒక్కసారైనా వారం మధ్యలో ప్రభువు బల్ల ఏర్పాటు చేయాలి. తల్లిదండ్రులిద్దరూ డ్యూటీలో ఉన్న రోజున స్త్రీల సమాజం వారు వంతులవారీగా ఆ పిల్లలకు ఇంత అన్నం పెట్టి చూసుకోవచ్చు. బాగా పాడతాడని, లెక్కలు తెలుసని అలసిన మనిషి మీదే క్వయరు, కోశాధికారి పని, సండే స్కూలు మూడూ మోపకూడదు.

ఏలీయా ప్రవక్త అలసి, చావును కోరి, బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవుడు ముందుగా ప్రసంగం చేయించలేదు. దూత రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు. మళ్లీ లేపి తినిపించాడు. మాటలాడింది ఆ తర్వాతే.

ఇలా చేస్తే క్రమశిక్షణ పోతుందని, ఉద్యోగం సాకుగా చెప్పేవారు పెరుగుతారని కొందరు పెద్దలంటారు. ఆ మాట పూర్తిగా కొట్టివేయదగ్గది కాదు. ఓవర్‌టైం డబ్బు మీద ఆశతో ఇంటినీ ఒంటినీ మరచినవారూ ఉన్నారు. వారికి బుద్ధి చెప్పాల్సిందే. అయితే ఆ హక్కు వారి కష్టసుఖాలు తెలిసినవారికే ఉంటుంది. సమాజంగా కూడుట మానవద్దన్న హెబ్రీ పత్రిక హెచ్చరిక సభ్యుడికి ఎంతో, అతడికి వీలైన వేళ కూడుకోని సంఘానికీ అంతే.

ఈస్టరు నాడు మనమంతా చీకటితోనే లేచి, పిల్లల్ని చంకనేసుకుని ఉదయకాల ఆరాధనకు వెళుతున్నాం. ఎవరూ కష్టమనడం లేదు. ఏడాదికి ఒక పండుగ కోసం చేయగలిగింది, ఆదివారం లేని మన సొంతవారి కోసం నెలకొకసారి చేయలేమా?