హీరో ఫారిన్ వెళ్తున్నాడు... మరి టామీ?

మన సినిమాల్లో హీరో పైచదువులకి ఫారిన్ వెళ్ళడం ఎంత సులువో! ఒక సీన్లో అమ్మ కాళ్ళకి దణ్ణం పెడతాడు, మరో సీన్లో విమానం ఎగిరిపోతుంది, ఆ పై సీన్లో సూటూ బూటూ వేసుకుని డిగ్రీతో దిగిపోతాడు. ఈ మధ్యలో ఇంట్లో కుక్కకి అన్నం ఎవరు పెట్టారో, బీరువా తాళాలు ఎవరి దగ్గరున్నాయో ఏ డైరెక్టరూ చూపించడు. చూపిస్తే మూడో రీలు దగ్గరే కథ ఆగిపోతుంది మరి!

నిజజీవితంలో అలా కట్ చెయ్యడానికి ఎడిటర్ ఉండడు. మా పిన్ని కొడుక్కి అమెరికాలో ఎమ్మెస్ సీటొచ్చింది. పిన్నీ బాబాయీ ఇప్పుడు లేరు. తెనాలిలో ఆ అద్దె ఇంట్లో వాడికి మిగిలినవి అమ్మ బీరువా, ట్రంకుపెట్టెడు పాత క్యాసెట్లు, టామీ అనే మూడేళ్ళ నాటు కుక్క. "అన్నయ్యా, వీసా ఇంటర్వ్యూకి భయం లేదు గానీ, వీడి మొహం చూస్తేనే కాళ్ళాడటం లేదు" అన్నాడు.

కుక్కే కదా, బుట్టలో పెట్టుకుపోతే సరి అంటారా? ఆ పని చేసి హాలీవుడ్ హీరోయే ఇరుక్కున్నాడు! 2015లో జానీ డెప్ షూటింగ్ కోసం ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు పిస్టల్, బూ అనే రెండు బుల్లి కుక్కలు కూడా ప్రైవేటు విమానంలో దిగాయి. కాగితాలు లేవు. వెనక్కి పంపుతారా, చంపెయ్యమంటారా అన్నాడు అక్కడి వ్యవసాయ మంత్రి. కుక్కలు తిరుగుటపా కట్టాయి. 2016లో డెప్ భార్య యాంబర్ హర్డ్ కోర్టుకెక్కి, ప్రయాణపు ఫారంలో తప్పు రాశానని ఒప్పుకుంది. ఇద్దరూ క్షమాపణ చెబుతూ వీడియో కూడా తీశారు. అంత స్టార్లకే తప్పలేదు, మనమెంత?

ఈ కట్టుబాట్లన్నీ రేబిస్ లాంటి జబ్బుల భయంతో పెట్టినవి. రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో అమెరికా మన దేశాన్నీ చేర్చింది. 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ ఇంకా బిగించింది. కుక్కకి ఆరు నెలలు నిండాలి. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. మొదటి టీకా అయితే 30 రోజులు ఆగి రక్తం తీసి, వాళ్ళు ఒప్పుకున్న ల్యాబ్‌కి పంపాలి. రక్తం తీశాక మరో 28 రోజులు గడవాలి. ఆ పరీక్ష లేకుండా వెళితే అక్కడ 28 రోజులు క్వారంటైన్! దిగడం కూడా తగిన సదుపాయమున్న కొద్ది ఎయిర్‌పోర్టుల్లోనే. బ్రిటన్‌కైతే రక్తం తీశాక మూడు నెలలు ఆగాలి. రూల్స్ మారుతుంటాయి కనక టికెట్ కొనే ముందు మళ్ళీ చూసుకోండి.

అన్నట్టు, 2003లో హచ్ ప్రకటనలో పిల్లాడి వెంట తిరిగిన పగ్ గుర్తుందా? అలాంటి చప్పిముక్కు కుక్కలకి విమానంలో ఊపిరాడక ప్రాణం మీదికొస్తుందని చాలా విమాన కంపెనీలు ఎక్కించుకోవు. మిగతా కుక్కలకైనా పెట్టె అంటే భయం పోవాలిగా! నెలల ముందే తెచ్చి, అందులోనే అన్నం పెట్టి అలవాటు చెయ్యాలి.

ఇక బీరువా సంగతి. 1932లో వచ్చిన మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' చూద్దామంటే ఇవాళ ప్రింటు లేదు. సినిమాకే ఆ గతి పడితే మీ అమ్మానాన్నల పెళ్ళి క్యాసెట్ ఎంత? అటక మీద ఎండకి, తేమకి టేపుకి బూజు పడుతుంది. వీసీఆర్ తయారీ కూడా 2016తో ఆగిపోయింది. కలరా ఉండలు బట్టలు కొరికే పురుగుల్ని ఆపవచ్చు గానీ కాలాన్ని ఆపలేవు. వెళ్ళే ముందే క్యాసెట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించండి. పెట్టెల్ని నేలకి ఆనించకుండా చెక్కల మీద పెట్టండి. ఏ పెట్టెలో ఏముందో రెండు కాపీలు రాసి, ఒకటి ఇక్కడివాళ్ళకివ్వండి.

మా తమ్ముడు ఏప్రిల్లోనే టామీకి చిప్ వేయించి, టీకా, రక్తపరీక్ష పూర్తి చేశాడు. తీరా అక్కడ నలుగురు కుర్రాళ్ళు కలిసి తీసుకున్న ఇంట్లో కుక్కలకి ప్రవేశం లేదు! అది అద్దె కాగితంలోనే ఉంది. అందుకని టామీ మా అమ్మ దగ్గరున్నాడు. తిండికీ డాక్టరుకీ వాడు నెలనెలా డబ్బు పంపుతున్నాడు. వీడియో కాల్‌లో వాడి గొంతు వినగానే టామీ ఫోను వెనక్కి వెళ్ళి వెతుకుతాడు. పాపం, అదింకా మానలేదు.

కనక అమెరికా కలలు కనే మిత్రులారా, యూనివర్సిటీకి దరఖాస్తు పెట్టిన రోజే టామీ క్యాలెండర్ కూడా మొదలుపెట్టండి. తీసుకెళ్ళే వీలు లేకపోతే 'ఎవరో ఒకరు చూస్తార్లే' అనకండి. ఆ ఎవరో ఒకరికి ఒక పేరూ, ఒక గడపా ఉండాలి. వాళ్ళని మీరే అడిగి ఒప్పించి, ఆ తర్వాతే సూట్‌కేసు సర్దుకోండి!