పొరుగూరి హత్యలు

ఆ మధ్య ఇంగ్లండులో మా అమ్మాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాను. ఏం చూసొచ్చారు మాష్టారూ అని అడిగిన విద్యార్థులకు బ్రిటిష్ మ్యూజియం గురించి చెప్పాను, ఆక్స్‌ఫర్డ్ గురించి చెప్పాను. అసలు సంగతి చెప్పలేదు. చలికాలం, బయట వాన, నాలుగింటికే చీకటి. అమ్మాయీ అల్లుడూ ఆఫీసులకు పోతే నేను టెలివిజను ముందు కూర్చుని చూసినవి హత్యలు. ఒకటీ రెండూ కాదు, ముప్ఫై కథల పైచిలుకు. చాలా కథల్లో ఒక శవంతో సరిపెట్టరు కూడా.

విద్యార్థి సంఘం వాళ్ళు సావనీరుకు వ్యాసం అడిగితే "జాతి నిర్మాణంలో యువత పాత్ర" అని రాసిచ్చే అలవాటు నాది. పాత సంచికలు తిరగేస్తే అదే వ్యాసం నాలుగు శీర్షికల కింద దొరుకుతుంది. ఈసారి ఆ పాపం చేయబుద్ధి కాలేదు. హత్యల గురించే రాస్తాను. పెద్దలు మన్నించాలి.

ఆ సీరియల్ పేరు 'మిడ్సమర్ మర్డర్స్'. 1997 మార్చిలో ఐటీవీలో మొదలైంది. కరొలైన్ గ్రాహమ్ అనే రచయిత్రి 1987లో అచ్చేసిన 'ది కిల్లింగ్స్ ఎట్ బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్' నవలతో శ్రీకారం చుట్టారు. ఆవిడ ఈ వరసలో రాసినవి ఏడు నవలలే. సీరియల్ మాత్రం వంద కథలు దాటిపోయింది. ఒక్కోటీ గంటన్నర నిడివి, అంటే మన సినిమాలో ఇంటర్వెల్ దాటి కాస్త ముందుకు. మిడ్సమర్ అనే జిల్లా పటంలో ఎక్కడా లేదు. బకింగ్‌హాంషైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో తీసి ఆ పేరు పెట్టారు. 2011 దాకా జాన్ నెటిల్స్ టామ్ బార్నబీగా కేసులు చూశాడు. తర్వాత ఆయన దాయాది జాన్ బార్నబీ వచ్చాడు. ఆ వేషం నీల్ డడ్జన్‌ది. మామగారి ఉద్యోగం అల్లుడికి ఇప్పించుకోవడం మనదగ్గరే అనుకున్నాను గానీ అక్కడా ఉందన్నమాట.

ఈ సీరియల్‌ను రెండు వందలకు పైగా దేశాలకూ ప్రాంతాలకూ అమ్మామని దాన్ని తీసినవాళ్ళు చెప్పుకుంటారు. జర్మనీలో దీని పేరు 'ఇన్‌స్పెక్టర్ బార్నబీ'. స్వీడన్‌లో, నార్వేలో చూస్తారు. డెన్మార్కు వాళ్ళ అభిమానం ఎంతటిదంటే నూరవ కథను కొంత కోపెన్‌హేగన్‌లోనే తీశారు. బ్యాడ్జర్స్ డ్రిఫ్ట్ ఊరి బిస్కెట్ల వ్యాపారి డెన్మార్కు వెళ్ళి అక్కడ చస్తాడు. 2014లో ప్రసారమైంది. డేనిష్ నటీమణులు ఇద్దరు అక్కడి పోలీసు అధికారులుగా వేశారు.

ఇక్కడే నాకు ప్రశ్న పుట్టింది. ఎక్కడో ఇంగ్లండు పల్లెలో ఒక ముసలమ్మ హత్యకు గురైతే కోపెన్‌హేగన్ గుమాస్తాకేం పట్టింది? హాంబర్గు టీచరమ్మకేం పట్టింది? ఆ మాటకొస్తే, గుంటూరు జిల్లా నుంచి పోయిన నాకేం పట్టింది?

రెడింగుకు కాస్త దూరంలో, థేమ్స్ ఒడ్డున వాలింగ్‌ఫర్డ్ అని చిన్న ఊరుంది. సీరియల్‌లో కాస్టన్ అనే పట్టణంగా చూపించేది దాన్నే. అక్కడి కార్న్ ఎక్స్చేంజి భవనం తెరమీద కాస్టన్ నాటకశాల అవుతుంది. మరో విశేషం, అగాథా క్రిస్టీ ఏళ్ళ తరబడి ఆ ఊళ్ళో కాపురముండి 1976లో అక్కడే కన్నుమూసింది. ఒక ఆదివారం మా అమ్మాయి నన్ను తీసుకుపోయింది. చౌరస్తాలో ఒక జర్మన్ దంపతులు చేతిలో కాగితం పట్టుకుని ఏ గుమ్మం ముందు ఏ శవం పడిందో వెతుక్కుంటున్నారు. నేనూ అదే పనిమీద వచ్చానని తెలిసి ఆ పెద్దాయన ఎంత సంతోషించాడో! మీకు ఇందులో ఏం నచ్చుతుందని అడిగాను. "తోటలు, పాత ఇళ్ళు, మర్యాద" అన్నాడు. పక్కనే ఉన్న ఆయన భార్య నవ్వి, "అవి మాకూ ఉన్నాయి. నాకు నచ్చేది ఆ కమిటీలు. మా ఊరి చర్చి కమిటీలో నేను పన్నెండేళ్ళున్నాను. ఎవర్నీ చంపలేదు, అంతే తేడా" అంది.

ఆవిడ మాట నన్ను వదల్లేదు.

సాధారణంగా చెప్పే సమాధానం ఆ పెద్దాయనదే. గడ్డి కప్పిన ఇళ్ళు, గులాబీ పొదలు, రక్తం పెద్దగా చూపించని హత్యలు, నింపాదిగా నడిచే పోలీసాయన. పొరుగింటి పుల్లకూర రుచి అని మనవాళ్ళు ఊరికే అన్లేదు. ఆ సామెతకు ఇంతకన్నా మంచి నిదర్శనం కూడా ఉంది. 2011 జనవరిలో బీబీసీ వాళ్ళు డెన్మార్కు డిటెక్టివ్ సీరియల్ ఒకటి చూపించారు, ఇంగ్లీషు పేరు 'ది కిల్లింగ్'. అంతా చీకటి, వాన, ముభావంగా ఉండే ఒక మహిళా అధికారి. బ్రిటిష్ వాళ్ళు వెర్రెత్తిపోయారు. డెన్మార్కు వాళ్ళేమో బ్రిటిష్ పూలతోటల హత్యలు చూస్తూ కూర్చున్నారు! ఎవరి కూర వాళ్ళకు చప్పగా ఉంది.

కాని పుల్లకూర రుచి రెండు రోజులుంటుంది, ఇరవై ఏళ్ళుండదు. కాబట్టి ఇందులో ఇంకేదో ఉండాలి.

కథలు చూడండి. 2000లో వచ్చిన 'జడ్జిమెంట్ డే'లో ఉత్తమ గ్రామం పోటీ జరుగుతుంది. జడ్జీలు రాబోతున్నారు, ఊరంతా సున్నాలు, పూలకుండీలు. ఈలోపు ఒక కుర్రాణ్ణి గడ్డి ఎత్తే ఇనప పంగలకర్రతో పొడిచి చంపుతారు. (ఆ కుర్రాడు తర్వాత హాలీవుడ్‌లో వెలిగిన ఆర్లాండో బ్లూమ్.) ఊరి పెద్దల బాధ కుర్రాడు పోయాడని కాదు, బహుమతి పోతుందేమోనని. 2002 నాటి మరో కథలో చర్చి గంటలు మోగించే జట్టులో వాళ్ళను ఒక్కొక్కరినే చంపేస్తుంటారు. పోటీ దగ్గరపడుతోంది, గంటలు లాగేవాళ్ళు తగ్గిపోతున్నారు, అదీ దిగులు. ఇంకో దాంట్లో ఒకణ్ణి పచ్చికలో కట్టిపడేసి, వాడి ఖరీదైన ద్రాక్షసారా సీసాలే వడిసెల లాంటి యంత్రంతో వాడిమీదికి విసురుతారు. మరొక చోట పెద్ద జున్ను చక్రం మీద పడి ఒకావిడ పోతుంది. నవ్వాలో జాలిపడాలో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే తమాషా అంతా ఉంది.

ఇందులో అర్థంకానిది ఏముంది చెప్పండి? బ్రిటిష్ పార్లమెంటు తెలియనక్కర్లేదు, రాణిగారి వంశం తెలియనక్కర్లేదు. వీలునామా తెలిస్తే చాలు. గట్టు తగాదా తెలిస్తే చాలు. ముప్ఫై ఏళ్ళనాడు ఎవరు ఎవర్ని పెళ్ళాడాల్సింది, ఎవరు అడ్డుపడ్డారు, దేవుడి కల్యాణానికి వసూలైన డబ్బు ఎవరి పెట్టెలో ఉంది, సభలో ఎవరికి ముందు దండ వేశారు, ఎవరికి వేయలేదు. మా ఊళ్ళో రామాలయం కమిటీ మీటింగుకు ఒక్కసారి వెళ్ళినవాడికి మిడ్సమర్ జిల్లా మొత్తం అర్థమైపోతుంది. పైకి "బాగున్నారా బాబాయిగారూ", లోపల కత్తులు. పరదేశి ప్రేక్షకుడు అక్కడ ఇంగ్లండును చూడ్డంలేదని నా వాదన. తన ఊరినే చూస్తున్నాడు, సముద్రం అవతల పెట్టుకుని, భయం లేకుండా. తన ఊళ్ళోనే జరిగినట్టు తీస్తే చూడలేడు. ఎవరి బాబాయో గుర్తుకొస్తాడు.

అయితే ఆ సీరియల్ తీసినాయన ఇలా అనుకోలేదు. సృష్టికర్తల్లో ఒకడూ నిర్మాతా అయిన బ్రయాన్ ట్రూ-మే 2011 మార్చిలో ఒక పత్రికతో మాట్లాడుతూ, మా పల్లెల్లో మైనారిటీ జాతులవాళ్ళు కనిపించరు, వాళ్ళను పెడితే ఇది నడవదు, ఇంగ్లీషుతనానికి మిగిలిన ఆఖరి కోట మాది అన్న ధోరణిలో చెప్పాడు. గగ్గోలు పుట్టింది. కంపెనీ ఆయన్ను కొన్నాళ్ళు పక్కనపెట్టింది, ఆ తర్వాత ఆయన తప్పుకున్నాడు.

ఈ సంగతి నాకు మా అమ్మాయి చెప్పింది. అప్పటికి ముప్ఫై కథలు చూశాను. మా రంగువాళ్ళు లేరన్న విషయం నాకు తట్టనేలేదు! సిగ్గనిపించింది. కనీసం అమ్మాయి ఇంటి చుట్టుపక్కలైనా గుర్తుకు రావాలి కదా. సీరియల్ తీసిన ప్రాంతానికి ఎంతో దూరం లేని స్లౌలో, హై వికమ్‌లో మన ఉపఖండం వాళ్ళు ఎంతమంది! మందుల షాపులో, ఆస్పత్రిలో, బస్సు స్టీరింగు ముందు వాళ్ళే. తెరమీద మాత్రం దేశం తుడిచిపెట్టినట్టుంది. మనం లేని బొమ్మను చూసి మనమే ముచ్చటపడ్డాం. కొన్నాళ్ళు ఆ సీరియల్ పెట్టబుద్ధి కాలేదు.

కాని కోపం తగ్గాక ఆలోచించాను. నిర్మాతది ఒక సిద్ధాంతం: జనం దీన్ని చూసేది ఆ తెల్లదనం కోసం. సిద్ధాంతం నిజమైతే, రంగు మారాక సీరియల్ కూలిపోవాలి. మారింది. 2016లో శవపరీక్ష చేసే డాక్టరు కామ్ కరిమోర్ పాత్రలో మంజిందర్ విర్క్ అనే నటి వచ్చింది. పేరునుబట్టే తెలుస్తుంది మూలాలెక్కడో. కోట కూలలేదు. కొత్త కథలు వస్తూనే ఉన్నాయి. అంటే తన సరుకు ఎందుకు అమ్ముడుపోతోందో దుకాణదారుకే తెలియదన్నమాట. ఆ జర్మన్ ఇల్లాలికి తెలుసు.

నాకు మరో చిన్న అసంతృప్తి మిగిలింది. డాక్టరుగా పెట్టడం గౌరవమే. అయినా డాక్టరు హత్య చేసుంటుందని ఎవరూ అనుమానించరు. మిడ్సమర్‌లో ఊరివాడు అనిపించుకోవాలంటే అనుమానితుల జాబితాలో పేరుండాలి. గంటల జట్టులో ఉండాలి, పూలపోటీలో ఓడిపోయి కక్ష పెంచుకోవాలి. మనవాళ్ళు ఎంత మంచివాళ్ళో తెరమీద చూపిస్తే నాకు తృప్తి లేదు. ఒక్క రెడ్డిగారో రావుగారో పక్కింటివాడి గుమ్మడికాయను చూసి కుళ్ళుకునే కథ ఎప్పుడు వస్తుందో!

మన సంగతి కూడా ఒక మాట అనుకోవాలి. హాస్టలు రోజుల్లో కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్ నవలలు మా అందరి దిళ్ళ కింద ఉండేవి. యుగంధర్ తెలివి, అసిస్టెంట్ రాజు హుషారు ఇప్పటికీ గుర్తున్నాయి. ఏ ఊరు, ఏ వీధి, ఆ వీధిలో ఎవరికి ఎవరంటే గిట్టదు అన్నది మాత్రం నాకు ఒక్కటీ గుర్తులేదు. కొమ్మూరి వారిని తక్కువ చేయడం లేదు. పశ్చిమం నుంచి డిటెక్టివును తెచ్చుకున్నాం, ఊరిని మాత్రం అక్కడే వదిలేశాం అంటున్నాను. ఊళ్ళు మనకు తక్కువా? తెలుగు శాఖ కుర్రాళ్ళు పోయినేడు రాసిన రెండు క్రైమ్ కథలు చదివాను. రెండూ బొంబాయిలో జరుగుతాయి. ఇద్దరూ బొంబాయి చూడలేదు.

నేను బయల్దేరే ముందురోజు మా అమ్మాయి ఇంట్లో చిన్న గొడవ. పక్కింటాయన పెంచిన కంచె చెట్లు వీళ్ళ వంటింటికి వెలుతురు రానివ్వడం లేదు. ఏడాది పొడుగునా ఆకు రాల్చని కంచె రెండు మీటర్లు దాటి వెలుతురుకు అడ్డమైతే కౌన్సిలుకు ఫిర్యాదు చేసుకోవచ్చని ఆ దేశంలో 2003లో చట్టమే చేశారట. పదేళ్ళుగా ఆ వీధిలో అందరికీ తలవంచి నమస్కారం పెడుతూ వచ్చిన మా అమ్మాయి నడుం బిగించింది. "ఊరుకోవే, పరాయి దేశంలో మనకెందుకు" అన్నాను. "పరాయి ఏంటి నాన్నా, ఇది మా వీధి" అంది. అల్లుడు నిచ్చెన పట్టుకున్నాడు, అది కొలతల టేపు తీసుకుని ఎక్కింది. పక్కింటి కిటికీలో తెర కొంచెం తొలగింది.

రెండు మీటర్ల నలభై.